పక్కనున్నవాళ్ళ గురించి చెప్పు

మొన్న కనక వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో నా కొట్టు ముందు స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే తల లోపలికి పెట్టి, "భయ్యా, సాయంత్రాలు ఖాళీయేనా?" అని అడిగింది. నాకు ఉదయాలు కూడా ఖాళీయే. ఒక జిరాక్సు మిషను, పెన్నులు, పుస్తకాలకు వేసే అట్టలు, నాలుగు రకాల చాక్లెట్లు. ఇవి అమ్మడానికి తెలివి అక్కర్లేదు, కూర్చునే ఓపిక ఉంటే చాలు. అందుకే ఈ వ్యాపారం నాకు అచ్చొచ్చింది. "ఏం, నీ పెళ్ళికి పెద్దమనిషి కావాలా?" అన్నాను. "పెళ్ళయిపోయింది భయ్యా. నువ్వు రెండో పంక్తిలో కూడా కూర్చున్నావు" అంది. వరసకి చెల్లెలే అయినా మాటకి మాట బాకీ ఉంచుకోదు. ఆ గుణం నా దగ్గర నేర్చింది. ఇంగ్లీషు మాత్రం నా దగ్గర నేర్వలేదు, అదే దాని అదృష్టం.

కనక ఇప్పుడు తన డాబా మీద చిన్నపిల్లలకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతోంది. వ్యాకరణం కాదు, మాట్లాడటం. కూరగాయలు కొనడం, బస్సులో చోటు అడగడం, డాక్టరుకి ఎక్కడ నొప్పో చెప్పడం. "కస్టమరు కావాలి భయ్యా. మొండి కస్టమరు. నీకంటే మొండివాడు ఈ ఐలాండులో దొరకడు." అన్నీ ఫోనే నేర్పుతోంది కదా, మళ్ళీ నేనెందుకన్నాను. "ఫోనుతో బాగానే మాట్లాడతారు భయ్యా. పక్కనున్నవాడితో మాట్లాడండ్రా అంటేనే నా మొహం చూస్తారు" అని, బేరం కుదిరినట్టు ఒక చాక్లెట్ తీసుకుని వెళ్ళిపోయింది. డబ్బులివ్వలేదు. అది కూడా నా దగ్గరే నేర్చింది. ఆమె వెళ్ళాక జిరాక్సు మిషను తన పాటికి తాను రొద పెడుతూ ఉంటే, నేను కదలకుండా కూర్చుని జంగ్లీఘాట్ వెళ్ళొచ్చాను.

అప్పట్లో మా ఇల్లు జంగ్లీఘాట్‌లో, చేపల పడవలు ఆగే చోటికి పైనున్న సందులో ఉండేది. రెండు గదులు, రేకుల కప్పు, ముందు చిన్న వసారా. వాన పడితే లోపల మాట్లాడుకోవడం కుదిరేది కాదు, అరుచుకోవాలి. అండమాన్‌లో సగం ఏడాది వానే కాబట్టి మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు. సందు మొదట్లో ఎండు చేపల వాసన, మధ్యలో డీజిల్ వాసన, మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ కాల్చే మినపరొట్టె వాసన. కళ్ళకి గంతలు కట్టి నడిపించినా ఎక్కడున్నానో చెప్పేవాణ్ణి. నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికూతురుగా షిప్పెక్కి వచ్చిన మనిషి. రోజూ రేడియోలో షిప్పుల వార్తలు వినకుండా పొయ్యి వెలిగించేది కాదు. ఏ షిప్పు ఎప్పుడు బయల్దేరుతుంది, ఏది ఆలస్యం, ఏది రద్దు, అన్నీ వినాలి. మావాళ్ళెవరూ ఏ షిప్పులోనూ లేని రోజుల్లో కూడా అంతే. "నీకెందుకు నాయనమ్మా ఇయ్యన్నీ?" అంటే, "ఎవలదో ఒకల మనిసి ఉంటాడు కదరా అందులో" అనేది.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఆ షిప్పుల్లోనే ఖలాసీ, ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేని స్థితికి వచ్చాం. ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోక తప్పదనిపించింది. ఆయనకి జీతం వస్తోంది కాబట్టి నేనే తప్పుకున్నాను. సందు చివర పచారీ కొట్టులో పొట్లాలు కడుతూ, కొన్నవాళ్ళనీ కొననివాళ్ళనీ ఏడిపిస్తూ మీసాలొచ్చేదాకా కాలం గడిపాను.

సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున భూమి ఊగింది, తరవాత సముద్రం లేచి వచ్చింది. ఇక్కడ మేం దాన్ని వేవ్ అనే అంటాం. జంగ్లీఘాట్‌లో పడవలు రోడ్డు మీదికొచ్చి ఆగాయి. మేం ఎత్తులో ఉన్నాం కాబట్టి మాకు పోయింది రెండు నీళ్ళ డ్రమ్ములూ, గోడకున్న అద్దమూ. దక్షిణాన ఇంకో ఐలాండు, హట్‌బేలో ఉన్న మా పైడమ్మ పిన్నికి అంత తేలిగ్గా పోలేదు. పిన్ని మా అమ్మకి చిన్నాన్న కూతురు. ఆమె భర్త సోములు బాబాయి చేపలవాడు, ఆ పొద్దున వలలు చూసుకోవడానికి ఒడ్డుకి వెళ్ళాడు. నీళ్ళు వస్తున్నాయన్న కేకలు విని పిన్ని ఏడెనిమిదేళ్ళ కూతురు కనక చెయ్యి పట్టుకుని మెట్ట వైపు పరిగెత్తింది. బాబాయి రాలేదు. దొరకనూ లేదు. తల్లీకూతుళ్ళని షిప్పు తీసుకొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో దించింది. కొన్నాళ్ళు ఒక స్కూల్లో పెట్టిన క్యాంపులో ఉన్నారు. తరవాత నాయనమ్మ వెళ్ళి, "ఇల్లుండగా క్యాంపేటే, నడు" అని ఇద్దర్నీ వెంటబెట్టుకొచ్చింది. కోడలి తరఫు చుట్టం తనకి ఏమవుతుందన్న లెక్క నాయనమ్మ వేసుకోలేదు. బియ్యం డబ్బా మూత తీసి ఇంకో రెండు గుప్పిళ్ళు ఎక్కువ పోసింది, అంతే.

పిన్ని బొట్టు తీయలేదు. తీయమని చెప్పడానికి సందులోంచి కొందరు పెద్దమనుషులు వచ్చారు. నాయనమ్మ అప్పుడు కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తోంది. "మనిసి ఇంకా రాలేదు, అంతే కదా. వొచ్చినాక ఏటంటాడో ఆడినే అడుగుదురు" అంది, తల ఎత్తకుండానే. ఆ చేప పెద్దది, కత్తిపీట పదునుగా ఉంది. వచ్చినవాళ్ళు టీ కూడా తాగకుండా వెళ్ళారు.

పిన్ని భర్త పేరు పలికేది కాదు. ఆ కాలపు ఆడవాళ్ళు చాలామంది పలికేవారు కాదు గాని, పిన్ని ఇంకో అడుగు ముందుకేసింది. ఆ పేరుకి దగ్గరగా వచ్చే మాటల్ని కూడా దూరం నుంచే తప్పుకుని నడిచేది. సోమవారం ఆమె నోట 'ఆదివారం మర్నాడు'. పూర్వం పండక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడు మా కొట్టుకొచ్చి సోంపు కావాల్సి వస్తే, "అదేరా, పచ్చగుంటాది, జీలకర్రకి అన్నలాటిది" అనేది. నేను కావాలని జీలకర్ర తీసేవాణ్ణి. అది కాదంటే వాము, అదీ కాదంటే మెంతులు. "పేరు సెప్తే కదా పిన్నీ ఇస్తాను?" "నీకు తెలుసురా ఎదవా." "నాకు తెలీదు, కసమ్ సే." చివరికి బల్ల మీదికి వంగి తనే డబ్బాలో చెయ్యి పెట్టేది. ఇదంతా వేవ్ రాక ముందు మాట. ఆ తరవాత ఆమె వచ్చి అడిగితే నేను మారుమాట్లాడకుండా సోంపు పొట్లం కట్టి ఇచ్చేశాను. పిన్ని పొట్లం వైపు చూసి, నా వైపు చూసి, "ఏట్రా గిరీ, ఒంట్లో బాగోలేదా?" అంది. మర్నాటి నుంచి మళ్ళీ జీలకర్రే తీశాను.

ఇందులో ఇంకో సంగతుంది. మా నాయనమ్మ కూడా తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఆయన పేరు పలకలేదు. ఆయన పోయి కర్మలన్నీ అయ్యాక మామూలుగా పలికేసింది. "మొగుడు పోయినాక పేరు సెప్పొచ్చు, తప్పు లేదు" అన్నది ఆమె లెక్క. ఆ లెక్క పిన్నికీ తెలుసు. తను ఆ పేరు పలికిందంటే బాబాయి ఇక లేడని తనే ఒప్పుకున్నట్టు. అందుకని మనిషి కనబడకుండా పోయాక ఆమె నోరు ఇంకా గట్టిగా మూతపడింది.

సుభద్ర టీచర్ మా సందులోనే ఎదురు మేడ మీద ఉండేది. గవర్నమెంటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఉతికిన నూలుచీర, మొహానికి పౌడరు, మోకాళ్ళకి ఘాటు నూనె. ఆమె మెట్లు దిగుతోందని కిందివాళ్ళకి ముక్కుతోనే తెలిసిపోయేది. నన్ను కూడా ఒక ఏడాది భరించింది. క్యాంపులో ఊరికే కూర్చున్న పిల్లల్ని చూసి ఉండబట్టలేక పాఠం మొదలుపెట్టింది. క్యాంపు ఎత్తేశాక చుట్టుపక్కల మిగిలిన పిల్లలతో అది ఆమె వరండాలోకి వచ్చింది. తెలుగు పిల్లలు, బెంగాలీ పిల్లలు, తమిళ పిల్లలు, రాంచీ పిల్లలు, అందరూ హిందీలో కొట్టుకునేవాళ్ళు. ఇంగ్లీషులో కొట్టుకోవడం వాళ్ళలో ఎవరికీ రాదు.

మొదటి రోజు అందరు టీచర్లూ చేసేదే ఆమె చేసింది. మై నేమ్ ఈజ్ ఫలానా, మై ఫాదర్స్ నేమ్ ఈజ్ ఫలానా. ఇద్దరు ముగ్గురు చెప్పారు. తరవాతి పిల్లాడు లేచి, "మై ఫాదర్" అని ఆగి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పారిపోయాడు. టీచర్ వాడి చెప్పులు తీసి గోడ పక్కన పెట్టి, ఆ రోజుకి అందర్నీ పంపేసింది. ఎక్కడైనా ఇంగ్లీషు మాటలు మొదలయ్యేది ఆ ప్రశ్నలతోనే. నీ పేరేంటి, మీ నాన్న ఏం చేస్తాడు, మీ ఇంట్లో ఎంతమంది. ఆ వరండాలో అవి అడగకూడని ప్రశ్నలు. మర్నాడు టీచర్ కొత్త పద్ధతి పెట్టింది. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోకూడదు, పక్కన కూర్చున్నవాళ్ళ గురించి చెప్పాలి. లేచి నిలబడి, అరచెయ్యి తెరిచి పక్కవాడి వైపు చూపించి, వీడు ఫలానా, వీడికి ఇది ఇష్టం, ఇది ఇష్టం లేదు, వీడు ఫలానా పనిలో గట్టివాడు అని చెప్పాలి. చెప్పించుకున్నవాడు తరవాత తన వంతుగా పక్కవాడి గురించి చెప్పాలి. చెప్పాలంటే ముందు అడిగి తెలుసుకోవాలి కదా, దాంతో మాటలు మొదలయ్యాయి. తనకి చెప్పడం ఇష్టం లేనిది ఎవడూ పక్కవాడికి చెప్పడు, ఎవడూ పారిపోనక్కర్లేదు. చెప్పులు వదిలేసి పోయిన పిల్లాడు కూడా వచ్చాడు. వాడు చెట్టెక్కడంలో గట్టివాడని పక్కనున్న అమ్మాయి ఇంగ్లీషులో చెప్తే, వాడు గోడ వైపు తిరిగి నవ్వాడు.

నన్ను పిలిచింది ఆ తరవాతే. "ఒరే గిరీ, సాయంత్రం కొట్టు నుంచి ఎప్పుడు వదుల్తారు నిన్ను?" "నేను లేకపోతే వాళ్ళకి హాయి టీచర్, ఎప్పుడన్నా వస్తాను." "అయితే రా. నాకొక మొద్దు కావాలి." "నాకు ఇంగ్లీషు రాదు కదా టీచర్." "తెలుసు, నీకు పాఠం చెప్పింది నేనే. నువ్వు తప్పులు మాట్లాడు, వాళ్ళు దిద్దుతారు. నన్ను దిద్దాలంటే వాళ్ళకి భయం, నిన్ను దిద్దాలంటే సరదా." జీవితంలో నాకు చదువు ఉపయోగపడలేదు గాని, చదువు లేకపోవడం బాగా ఉపయోగపడింది.

బోర్లించిన బక్కెట్టు వెనక కనక కూర్చునేది, అది చేపల దుకాణం. నేను మెడలో తువ్వాలేసుకుని ఊపుతూ వచ్చేవాణ్ణి. "గుడ్ మార్నింగ్. ఐ యామ్ ఫిష్." వరండా అంతా గోల. "నో భయ్యా! ఐ వాంట్ ఫిష్!" "యూ వాంట్ ఫిష్? మీ టూ. గివ్." "ప్లీజ్ బోలో భయ్యా, ప్లీజ్!" నేను బక్కెట్టు మీదికి వంగి ముక్కు మూసుకుని, "వెరీ స్మెల్" అనేవాణ్ణి. ఒకరోజు కనక నడుం మీద చేతులు పెట్టుకుని, "ఫిష్ నో స్మెల్. యూ స్మెల్. గో హోమ్, టేక్ బాత్. టుడే నో వాటర్. వాటర్ కమింగ్ టుమారో. యూ కమ్ టుమారో!" అంది. మా సందులో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది మరి. సుభద్ర టీచర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. హట్‌బే నుంచి వచ్చాక కనక ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడటం, ఏ భాషలోనైనా, అదే మొదటిసారి.

పిన్ని మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వింటూ ఉండేది. కూతురికి కాపలా అని ఆమె పేరుకి చెప్పేది. ఒకరోజు నేను ఎప్పట్లాగే మొరటుగా చేప అడుగుతుంటే మెట్ల మీంచి గొంతు వినబడింది. "ప్లీజ్ అనలేదు టీచరుగారండీ, ఆడు." టీచర్ చేట లాక్కుని పక్కన పెట్టి, "పైకి రా పైడమ్మా" అంది. ఆ రోజు నుంచి పిన్ని కనక పక్కన కూర్చుంది, తల్లీ కూతుళ్ళు జంట. కనక లేచి, "దిస్ ఈజ్ మై మదర్. షీ లైక్స్ టీ. షీ ఈజ్ గుడ్ ఎట్ రన్నింగ్" అనేది. ఆ పరుగు ఏ పరుగో మాకందరికీ తెలుసు. వారాల పేర్లు నేర్చుకున్న రోజు మాత్రం పిన్ని మొహం చూడాలి. "మండే" అంది. చుట్టూ చూసింది. మళ్ళీ "మండే" అంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా, సందులోకి వినబడేలా. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆమెకి ఆ రోజుని పేరు పెట్టి పిలిచే వీలు దొరికింది.

ఎండలు మొదలయ్యాక విశాఖ నుంచి పిన్ని అన్నయ్య ఫోను చేశాడు. చెడ్డ మనిషి కాదు, ఇల్లు చిన్నది. కనకని వచ్చే షిప్పులో పంపిస్తే తన పిల్లలతో పాటు చదివిస్తానన్నాడు. పిన్ని హట్‌బే వెళ్ళి, అక్కడ కట్టిస్తున్న రేకుల ఇళ్ళలో ఒకటి చూసుకుని ఉండటం మంచిదన్నాడు. పిన్నికీ ఒక పక్క మనసు అటే లాగింది, బాబాయి వస్తే ముందు వెతుక్కునేది అక్కడే కదా. అంటే కూతురు ఒక తీరాన, తల్లి ఇంకో తీరాన, మధ్యలో రోజుల కొద్దీ సముద్రం. కనక ఈ మాట విన్నాక వరండాలో చేపలు అమ్మడం మానేసింది. తల్లి కొంగు ఒక కొస వేలికి చుట్టుకుని కూర్చునేది, వేలు ఎర్రబడేదాకా.

సుభద్ర టీచర్ ఊరుకోలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఇంగ్లీషు స్కూలు, వేవ్‌లో దెబ్బతిన్న పిల్లలకి ఊరికే సీట్లిస్తోందని తెలుసుకుని వచ్చింది. అక్కడే చిన్నపిల్లల తరగతికి ఒక ఆయా కూడా కావాలట. ఆయాతో సహా అందరూ పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఆ స్కూలు పట్టుదల. తల్లినీ కూతుర్నీ కలిపి ఒకేసారి ఇంటర్వ్యూ చేస్తారు. కనకకి సీటు, పిన్నికి పని, రెండూ దొరికితే ఇద్దరూ మా ఇంట్లోనే ఉండిపోవచ్చు. ఏది తప్పినా కనక షిప్పెక్కాలి.

రిహార్సలుకి ప్రిన్సిపల్ వేషం నాదే. తువ్వాలు పైటలా వేసుకుని, టీచర్ కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని కూర్చున్నాను. పిన్ని పేరు చెప్పింది, ఊరు చెప్పింది, కమ్ బేబీ, సిట్ బేబీ, డ్రింక్ వాటర్, నో క్రైయింగ్, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "వెరీ గుడ్. వాట్ ఈజ్ యువర్ హజ్బెండ్స్ నేమ్?" అన్నాను. పిన్ని నోరు మూసుకుంది.

"ఇంగ్లీషులో చెప్పడం తప్పు కాదు పైడమ్మా" అంది టీచర్.

"ఇంగ్లీసులో అయినా ఆయన పేరు ఆయన పేరే కదండీ."

"పోనీ, నేను ముందే ఆ ప్రిన్సిపల్‌తో ఒక మాట చెప్పి ఉంచనా?"

"వొద్దండీ. మీరు నా కత సెప్తే జాలిపడి పని ఇత్తారు. మరి రేపటి నుండి గేటు కాడ ఆ కతే నాకన్నా ముందు నిలబడతాది."

"నాన్న పేరు నేను చెప్తాను కదమ్మా" అంది కనక.

"నిన్నడిగితే నువ్వు సెప్పు. నన్నే అడిగితే నేనేటి సెయ్యనే?"

నేను నాకు చేతనైనది చేశాను. "నోట్లో తమలపాకులు కుక్కుకుని ఎల్లు పిన్నీ. పేరడగ్గానే నములు" అన్నాను. పిన్ని నవ్వింది, కనక నవ్వలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల నా జోకుకి నవ్వకపోవడం నాకు కొత్త. ఆ రోజు తువ్వాలు మడిచి పెట్టేసి, ఇంటికెళ్ళి, నాయనమ్మ పెట్టిన అన్నం మీద ఎలాటి వెటకారమూ చేయకుండా తిన్నాను.

ఇంటర్వ్యూకి వాళ్ళని తీసుకెళ్ళింది నేనే. టీచర్ మోకాళ్ళు ఆ రోజు మెట్లు దిగనివ్వలేదు. పిన్ని నాయనమ్మ చీర కట్టుకుంది, కనక తలకి ఎంత నూనె రాశారంటే జుట్టులో మొహం చూసుకోవచ్చు. గదిలో ప్రిన్సిపల్, పక్కన ఇద్దరు కమిటీవాళ్ళు. ముగ్గురిలో ఎవరికీ తెలుగు రాదు. నేను బయట వరండాలో, తెరిచి ఉన్న చెక్కల కిటికీ దగ్గర నిలబడ్డాను. ప్రిన్సిపల్ కనక వైపు చూసి నవ్వి, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంది.

మా వరండాలో ఆ పాఠమే లేదు. అంతమంది పిల్లలకి ఇన్నాళ్ళు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పి, తన గురించి తను చెప్పుకోవడం మాత్రం ఒక్కరికీ నేర్పలేదు. మేం ఎవరమూ దాని గురించి ఆలోచించనే లేదు. కనక లేచి నిలబడి, అరచెయ్యి తెరిచి పక్కకి చాపింది. "దిస్ ఈజ్ మై మదర్. హర్ నేమ్ ఈజ్ పైడమ్మ. షీ లైక్స్ టీ. షీ ఈజ్ గుడ్ ఎట్ రన్నింగ్" అంది. కమిటీవాళ్ళలో ఒకాయన నవ్వాడు. "నో నో బేబీ, అబౌట్ యూ!" కనక కంగారుపడలేదు. అంత పెద్దవాళ్ళకి ఇంత చిన్న పద్ధతి తెలియకపోవడం చూసి దానికి ఆశ్చర్యమేసింది, అంతే. "మై మదర్ విల్ టెల్" అని కూర్చుంది.

వంతు ప్రకారం పిన్ని లేచింది. ఉద్యోగానికి వచ్చిన మనిషి లేచి, తన సంగతి వదిలేసి, కూతురి వైపు చెయ్యి చాపింది. "దిస్ ఈజ్ కనక. షీ లైక్స్ ఫిష్. షీ నో లైక్ కాకరకాయ. షీ ఈజ్ గుడ్ ఎట్ షాప్. షీ ఈజ్ గుడ్ ఎట్ ఫైటింగ్ గిరి." కిటికీ బయట గిరి అన్నవాడు తన పేరు ఇంగ్లీషులో వినబడినందుకు నిటారుగా నిలబడ్డాడు. ప్రిన్సిపల్ ఇప్పుడు నవ్వడం లేదు, ముందుకి వంగి వింటోంది. రెండో ఆయన పెన్ను పట్టుకుని, తలెత్తకుండా, "ఫాదర్స్ నేమ్?" అన్నాడు.

ఎవర్ని అడిగాడో తెలియలేదు. కనక నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. తన గురించి తను చెప్పకూడదు, ఇది అమ్మ వంతు. తల పైకెత్తి పిన్ని వైపు చూసింది. పిన్ని చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది, కనక వైపు. నేను లోపలికి దూసుకెళ్ళి ఆ పేరు నేనే అరిచేద్దామనుకున్నాను. నా జన్మలో నోటికొచ్చిన మాట ఆపుకున్నది అక్కడే.

"హర్ ఫాదర్ సోములు" అంది పిన్ని. గొంతు మామూలుగానే ఉంది. వరండాలో నేర్చుకున్న క్రమం ఇంకా పూర్తి కాలేదని గుర్తొచ్చినట్టు, "వెరీ గుడ్ ఎట్ స్విమ్మింగ్" అని కూడా చెప్పి, కూర్చుంది.

బయటికొచ్చి ముగ్గురమూ గేటు దాటాం. తరవాత నాకు ఉండబట్టలేదు. "పిన్నీ, సెప్పేసేవే!" అన్నాను. పిన్ని నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "నా మొగుడి పేరు నేనెక్కడ సెప్పేన్రా? దాని తండ్రి పేరు సెప్పేను" అంది. అని, రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హట్‌బే నుంచి వచ్చాక ఆమె ఏడవడం నేను చూడలేదు. కనక పక్కన కూర్చుని, కొంగు రెండో కొస పట్టుకుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ చూస్తూ ఉంది. నేను ఎదురు కొట్టుకెళ్ళి టీ తెచ్చాను. షీ లైక్స్ టీ అని అప్పటికి ముగ్గురు ఆఫీసర్లకి కూడా తెలుసు.

నాయనమ్మకి జరిగింది చెప్తే అంతా విని, "బిడ్డకి తండ్రి పేరు సెప్పడం ఏ ఊర్లో తప్పురా?" అని, ఆ రోజు పులుసులో పెద్ద ముక్క పిన్ని కంచంలో వేసింది. ఆ ముక్క ఎప్పుడూ నాది. పిన్ని ఆ స్కూల్లో ఆయాగా చాలా ఏళ్ళు చేసింది. ఇప్పుడు కనక దగ్గరే ఉంటోంది, దారినపోయే పిల్లల్ని "నో రన్నింగ్ బేబీ" అని కసురుతుంది. నుదుట బొట్టు ఉంది. ఎందుకని అడిగే పెద్దమనుషులు ఇప్పుడు లేరు, అడిగినా వాళ్ళతో చేప కోస్తూ మాట్లాడే నాయనమ్మ లేదు.

నిన్న సాయంత్రం కనక డాబా మీదికి వెళ్ళాను. పిల్లలు ముద్దుగా ఉన్నారు. వాళ్ళ ఇంగ్లీషు ముందు నా ఇంగ్లీషు చెప్పులు బయట విప్పి రావాలి. నేను "ఐ యామ్ ఫిష్" అంటే నవ్వలేదు, "హీ ఈజ్ సో ఫన్నీ" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఒకడిని, నీ పక్కనున్నవాడి పేరేంట్రా అని అడిగితే తెలియదన్నాడు. ఇద్దరిదీ ఒకటే వీధి. ఆ రోజుల్లో మాకేమీ లేకపోయినా మనుషులుండేవాళ్ళు అని ఇక్కడ పెద్దతరహాగా రాయొచ్చు. కాని అది నిజం కాదు. మనుషులు పోయారు కాబట్టే అప్పుడు పక్కవాడిని అడగాల్సి వచ్చింది. ఈ పిల్లలకి ఎవరూ పోలేదు, పోకూడదు కూడా. అడగడం మాత్రం వస్తే బాగుండునని కనక తాపత్రయం. నాకు అంత పెద్ద ఆలోచనలు లేవు. రేపు బక్కెట్టు బోర్లించి మళ్ళీ బేరమాడతాను. వాళ్ళే తిడతారు, తిట్టడానికైనా మాట్లాడాలి కదా.

ఇంటర్వ్యూ అయిన కొన్నాళ్ళకి, స్కూలువాళ్ళు ఇద్దర్నీ రమ్మన్నాక, విశాఖ షిప్పు బయల్దేరిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. కనకని ఎక్కిస్తామని పిన్ని అన్నయ్యకి ముందు మాటిచ్చిన షిప్పు అది. వసారాలో పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది, కనక ఆమె మోకాళ్ళ మధ్య. మర్నాడు స్కూలు మొదటి రోజని జడ వేసి చూస్తున్నారు. హార్బరు వైపు నుంచి షిప్పు కూత వినబడింది. మా సందులో ఆ కూత అంటే పసిపిల్లలు కూడా లెక్కచేయరు. కనక మాత్రం బిగుసుకుపోయింది.

"అమ్మా, నాదేనా అది?"

"నీది కాదే. ఎవలదో." పిన్ని రెండు పాయలు గట్టిగా లాగింది. "కదలకు. జడ వంకరపోతాది."